డొక్కలో పట్టేసిందంటే అన్నిసార్లూ గ్యాస్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆరోగ్యం పేజీలో ఎముకలు గుల్లబారడం మీద పెద్ద వ్యాసమే వేశారు. బాగుంది. తుంటి ఎముక గురించి రాశారు, వెన్నుపూసలు కుంగి మనిషి పొట్టయిపోవడం గురించి రాశారు, మణికట్టు బొమ్మ కూడా వేశారు. పక్కటెముకల ఊసు మాత్రం ఎక్కడా లేదు. నేను ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైనవాణ్ణి, డాక్టర్ని కాను, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ ఇన్నేళ్లు ముసలివాళ్ల ఛాతీలు చూసినవాడిగా ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఎముక గుల్లబారినవాళ్లకు పక్కటెముక విరగడానికి లారీ గుద్దనక్కర్లేదు, గట్టిగా దగ్గినా చాలు. పైగా అది విరిగిన సంగతి ఇంట్లోవాళ్లకే కాదు, ఒక్కోసారి ఆ మనిషికీ తెలీదు.

తుంటి విరిగితే మనిషి లేవలేడు కాబట్టి ఇల్లంతా పరుగెత్తుతుంది. పక్కటెముక విరిగినవాళ్లు నడుస్తారు, తింటారు, గుడికి కూడా వెళ్లొస్తారు. అందుకే అది లెక్కలోకి రాదు. "డొక్కలో పట్టేసింది" అంటారు, "గాలి పట్టింది" అంటారు, "రాత్రి తిన్న శనగపిండి పడలేదు" అంటారు. ముందు వాము నీళ్లు, తర్వాత అమృతాంజనం, ఆ తర్వాత మెడికల్ షాపు గ్యాస్ మాత్ర. అప్పటికీ తగ్గకపోతే వయసైపోయింది కదా అని సరిపెట్టుకోవడం.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు, డెబ్బై దాటాయి. సిమెంటు తొట్టిలో నీళ్లు అడుక్కి పోతే చెంబుతో అందుకోవడానికి అంచు మీద బాగా వంగారు, తొట్టి గోడ రొమ్ము కింద నొక్కుకుంది. "చిటుక్కుమంది నాయనా, జాకెట్టు హుక్కు ఊడిందేమో అనుకున్నా" అని చాలా రోజుల తర్వాత నాతో అన్నారు. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్‌లో ఛాతీ నొప్పి అని చెప్పేసరికి ఆ అబ్బాయికి టెన్షన్, గుండేమోనని. ఈసీజీ, ఎకో, రక్తపరీక్ష అన్నీ చేయించారు, అన్నీ నార్మల్. చేయించడం తప్పని నేననను, ఛాతీలో నొప్పంటే ముందు చూడాల్సింది గుండెనే. నా బాధల్లా ఆ తర్వాత జరిగిందాని గురించి. గుండె కాదని తేలగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు, గ్యాస్ మాత్రలు రాసి పంపించారు, ఆ నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి నొక్కి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. గుండె కాకపోతే గ్యాసే, మధ్యలో ఇంకేమీ లేనట్టు.

ఆవిడ పైపైనే గాలి పీల్చడం మొదలుపెట్టారు. దగ్గొస్తే నొప్పని దగ్గును మింగేవారు, పడుకుంటే లేవలేక రాత్రిళ్లు కుర్చీలోనే కునుకు. రెండు వారాలు తిరగకుండా జ్వరం, ఆయాసం, న్యుమోనియా. అప్పుడు సీటీ తీస్తే ఎడమవైపు మూడు పక్కటెముకలు చిట్లి ఉన్నాయి. కుడివైపు ఇంకో రెండు ఎప్పుడో విరిగి వాటంతటవే అతుక్కుని ఉన్నాయి. అవెప్పుడు విరిగాయమ్మా అంటే ఆవిడకి గుర్తే లేదు. కాసేపు ఆలోచించి, "పోయిన సంక్రాంతికి పొడిదగ్గు పట్టుకుంది చూడు, అప్పుడు నెల్లాళ్లు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయా" అన్నారు. అంటే మొదటి రెండూ విరిగినప్పుడే ఎవరైనా పట్టుకుని ఉంటే మిగతా మూడింటికి ఏదో ఒక అడ్డు పడేదేమో.

దగ్గుకి ఎముక విరగడమేమిటని నవ్వేవాళ్లుంటారు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు దగ్గు వల్ల పక్కటెముకలు విరిగిన 54 మందిని లెక్కగట్టి 2005లో ప్రచురించారు, అందులో నాలుగింట మూడొంతులకు పైగా ఆడవాళ్లే, ఎక్కువగా విరిగింది ఆరో పక్కటెముక. వాళ్లందరికీ ఎముకలు గుల్లబారి లేవు కూడా. గట్టి ఎముకే దగ్గుకి ఆగనప్పుడు గుల్లబారినదాని సంగతి చెప్పాలా? మంచం మీద ఒత్తిగిలినప్పుడు, గ్యాస్ బండ జరిపినప్పుడు, ఊరినుంచి వచ్చిన మనవడు ప్రేమగా గట్టిగా వాటేసుకున్నప్పుడు కూడా విరగొచ్చు.

ఎక్స్‌రే తీశారుగా, ఏమీ లేదన్నారుగా అంటారు చాలామంది. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మామూలు ఛాతీ ఎక్స్‌రే ఊపిరితిత్తుల కోసం తీసేది. మనిషిని ప్లేటుకి ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, "గాలి గట్టిగా పీల్చి ఆపండి" అంటాం. కిలోవోల్టేజి, అంటే కిరణం లోపలికి చొచ్చుకుపోయే బలం, ఎక్కువ పెడతాం, ఎందుకంటే ఎముకల నీడ పలచబడి దాని వెనకున్న ఊపిరితిత్తి కనబడాలి. అంటే ఆ ఫిల్ములో పక్కటెముకలు సరిగ్గా కనబడకుండా చేసుకునేది మేమే. పక్కటెముకల కోసమే తీయాలంటే కిలోవోల్టేజి తగ్గించాలి, మనిషిని ఏటవాలుగా తిప్పి ఇంకో వ్యూ తీయాలి, నొప్పి ఉన్నచోట చర్మం మీద చిన్న గుర్తు అంటించాలి. ఎక్కువగా విరిగేది పక్కన వంపు తిరిగే చోట, మామూలు ఫిల్ములో ఆ వంపు అంతా ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా ఉంటుంది. కింది పక్కటెముకలు కాలేయం నీడలో, పొట్ట నీడలో కలిసిపోతాయి. ముందువైపు రొమ్ము ఎముకకి కలిపే మెత్తటి ఎముక అసలు ఎక్స్‌రేలో పడదు. చిట్లింది గానీ పక్కకి జరగలేదు అనుకోండి, మొదటి వారంలో ఎంత మంచి కళ్లకైనా ఆ గీత దొరకదు. రెండు మూడు వారాలు గడిచి అతుకు దగ్గర బుడిపె కట్టాక గానీ బయటపడదు. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముకల విరుగుళ్లు సగం దాకా తప్పిపోతాయన్నది రేడియాలజీవాళ్లు అందరూ ఒప్పుకునే మాటే. సీటీలో బాగా కనబడతాయి, చెయ్యి తిరిగినవాళ్లు అల్ట్రాసౌండ్‌లో కూడా పట్టుకుంటారు.

ఫిల్ము కంటే ముందు మనిషే చెప్పేస్తాడండీ. గాలి పీల్చమంటే సగంలో ఆగిపోయి "అబ్బా" అని డొక్క పట్టుకునేవాళ్లు. ఆ చెయ్యి ఎక్కడుందో అక్కడే ఉంది అసలు రిపోర్టు. నేను ఆ రిక్వెస్టు కాగితం మీదే పెన్సిల్‌తో "ఎడమ ఏడో పక్కటెముక దగ్గర నొక్కితే నొప్పి" అని రాసి పంపేవాణ్ణి. కొందరు డాక్టర్లు పిలిచి మరీ అడిగేవాళ్లు, కొందరికి ఎక్స్‌రే తీసేవాడు రాయడమేంటని కోపం. అది వేరే కథ.

ఇంట్లోవాళ్లు కూడా ఈ మాత్రం గమనించొచ్చు. గ్యాస్ నొప్పిని ఎవరూ ఒక్క వేలితో చూపించలేరు, అరచెయ్యి మొత్తం తిప్పుతారు. "ఇదిగో ఇక్కడ" అని ఒక్క వేలు పెట్టి చూపిస్తూ, అక్కడ తాకితే ఉలిక్కిపడుతూ, దగ్గినా తుమ్మినా పక్కకి ఒత్తిగిలినా పొడిచినట్టుందంటే, గుండె పరీక్షలు నార్మల్ వచ్చాక డాక్టర్ని సూటిగా అడగండి, "పక్కటెముక ఏమైనా విరిగిందా?" అని. అడగడంలో నామోషీ ఏముంది.

ఇంకో పని ఈ రోజే చేయొచ్చు. 2020, 2021 కరోనా రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది పెద్దవాళ్లకు ఛాతీ సీటీలు తీశారో గుర్తుంది కదా. అందరూ అడిగింది ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో చెప్పే స్కోరు ఒకటే, "25కి ఎంత?" అని. స్కోరు తక్కువొస్తే ఆ కవరు బీరువా పైకెక్కింది, మళ్లీ కిందికి దిగలేదు. దాన్ని దించి రిపోర్టు కాగితం పైనుంచి కింది దాకా చదవండి. ఓల్డ్ హీల్డ్ రిబ్ ఫ్రాక్చర్ అనో, వర్టిబ్రల్ హైట్ తగ్గిందనో, ఆస్టియోపెనిక్ బోన్స్ అనో (ఎప్పుడో విరిగి అతుక్కున్న పక్కటెముక, కుంగిన వెన్నుపూస, పలచబడిన ఎముకలు అని) ఉంటే అది మీ అమ్మగారి ఎముకల గురించి అప్పుడే వచ్చిన కబురు. ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు, ప్రాణాల మీదున్నప్పుడు ఎముకల సంగతెవరికి పడుతుంది. ఇప్పుడైనా చూపించండి. క్యాటరాక్ట్ ఆపరేషన్ ముందు తీసిన ఛాతీ ఎక్స్‌రే రిపోర్టుల్లో కూడా ఇలాంటి లైను దొరుకుతుంటుంది.

సరే, విరిగింది, అతుక్కుంటుంది, దానికింత గోల ఎందుకంటారా? రెండు కారణాలు. ఒకటి ఇప్పుడే చెప్పాను, న్యుమోనియా. సియాటిల్‌లో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద చేసిన పరిశీలన 2000లో వచ్చింది. పక్కటెముకలు విరిగిన 65 దాటినవాళ్లలో 22 శాతం మంది చనిపోయారు, అంతకంటే చిన్నవాళ్లలో 10 శాతం. విరిగిన ఒక్కో పక్కటెముకకీ ప్రాణాపాయం 19 శాతం చొప్పున, న్యుమోనియా 27 శాతం చొప్పున పెరుగుతూ పోయిందట. వాళ్లు పెద్ద దెబ్బలు తగిలినవాళ్లు, తొట్టి అంచుకి నొక్కుకున్న పిన్నిగారికి అదే లెక్క అప్పచెప్పలేం, కానీ ఊపిరి పైపైన పీల్చి కఫం పేరుకోవడం ఇద్దరికీ ఒకటే.

రెండోది దీనికంటే ముఖ్యం అంటాను నేను. పక్కటెముక విరగడం రాబోయేదానికి ముందస్తు నోటీసు. ఇదేదో ఆడవాళ్ల జబ్బు అనుకుంటారు గానీ, అమెరికాలో 65 దాటిన మగవాళ్లనే దాదాపు 6 వేల మందిని ఏళ్ల తరబడి వెంబడించి చూశారు, 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. వెన్నుపూసలు కాకుండా మిగతా విరుగుళ్లలో 24 శాతం పక్కటెముకలవే. వాటిలో ఇంచుమించు సగం నిలబడినంత ఎత్తు నుంచో అంతకంటే తక్కువ ఎత్తు నుంచో పడితే విరిగినవి. ఒకసారి పక్కటెముక విరిగినవాళ్లకి మళ్లీ పక్కటెముకో తుంటో మణికట్టో విరిగే ప్రమాదం కనీసం రెండింతలు. ఇంత తెలిసీ విరిగిన తర్వాత ఎముకలకు మందు వాడుతున్నామని చెప్పినవాళ్లు 17 శాతమే. అమెరికాలోనే ఆ తీరు ఉంటే మన దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మనవాళ్ల ఎముకల సంగతి కూడా ఏమంత బాగోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాల ఆడవాళ్లను పరీక్షించి 2005లో ప్రచురించింది, 30 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లలోనే దాదాపు 29 శాతం మందికి తుంటి ఎముక మెడభాగంలో ఆస్టియోపొరోసిస్, అంటే గుల్లబారడం, ఉంది. వాళ్లింకా ముసలివాళ్లు కూడా కాదు, మనసులో పెట్టుకోండి. 2007లో తిరుపతి నుంచి వచ్చిన ఇంకో అధ్యయనం మన తిండిలో కాల్షియం తక్కువ, ఉన్న కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ, ఇంత ఎండలోనూ విటమిన్ డి తక్కువేనని తేల్చింది. రోజుకు మూడు పూటలా అన్నం, ఒక చెంచా పెరుగుతో బతికే ముసలమ్మలు ఎంతమంది లేరు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంటుంది. వంద గ్రాముల రాగుల్లో 340 నుంచి 360 దాకా ఉంటుంది, గ్లాసు పాలల్లో 250 అటూ ఇటూ. రాగి సంకటి మానేసి పాలిష్ బియ్యానికి వచ్చినప్పుడు ఏం పోగొట్టుకున్నామో ఈ లెక్కలో తెలుస్తుంది.

దీనికితోడు మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే పేరులేని పొట్లం మాత్రలు. వేసుకోగానే లేచి నడిచేస్తారు, ఆకలేస్తుంది, మొహం నిండుగా అవుతుంది, దేవుడి చెయ్యి అంటారు. అవి స్టెరాయిడ్లయితే నెలల తరబడి వాడినకొద్దీ ఎముకను లోపలినుంచి తినేస్తాయి. ఇంకోటి, ఈ గ్యాస్ మాత్రలు, పాంటోప్రజోల్ రకంవి. ఏళ్ల తరబడి రోజూ పరగడుపున వేసుకునేవాళ్లకు తుంటి, మణికట్టు, వెన్ను విరిగే ప్రమాదం పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరిక పెట్టింది. విరిగిన పక్కటెముకను గ్యాస్ అనుకుని, ఎముకకు మంచిది కాని మాత్రనే దానికి మందుగా మింగడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. అలాగని నా మాట విని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపేయకండి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది.

మా వైపు ఇంకో చిక్కుంది. కనిగిరి, పొదిలి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ని మొదట 1937లో రిపోర్టు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. ఆ ఊళ్లవాళ్ల ఎక్స్‌రేలు సుద్దలా తెల్లగా మెరుస్తాయి, చూసినవాళ్లు ఎంత గట్టి ఎముకో అనుకుంటారు. అది గట్టితనం కాదు, పెళుసు. నల్గొండ వైపువాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఎముకల సాంద్రత పరీక్షలో నంబరు బాగా వచ్చినా వాళ్ల విషయంలో నమ్మకూడదు.

విరిగాక చేసే పనుల్లో మన అలవాట్లు కొన్ని ఇంకా ప్రమాదం. పట్టేసిందని నూనె రాసి రుద్దించడం, పిల్లల్ని వీపు మీద ఎక్కించి తొక్కించుకోవడం. చిట్లిన ఎముకను తొక్కిస్తే ఊపిరితిత్తిలోకి దిగొచ్చు, కింది పక్కటెముకలైతే లోపల ప్లీహానికో కాలేయానికో దెబ్బ తగలొచ్చు. తర్వాత కట్టు. చేతులకీ కాళ్లకీ పుత్తూరు కట్టు వేయించుకోవాలా వద్దా అన్న వాదనలోకి నేను పోను, కానీ పక్కటెముకలకి ఏ కట్టూ వద్దు, మెడికల్ షాపులో దొరికే ఛాతీ బెల్టూ వద్దు. ఛాతీని బిగిస్తే నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది, ఊపిరి మాత్రం ఇంకా పైపైకి వస్తుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ ప్లాస్టరు పట్టీలు వేసేవాళ్లు, న్యుమోనియాలు చూసే మానేశారు.

చేయాల్సింది దీనికి తిరగబడిన పని. డాక్టరు రాసిన నొప్పి మాత్రలు వేళకి వేయాలి, నొప్పి ఓర్చుకోవడం ఇక్కడ గొప్ప కాదు, నొప్పి తగ్గితేనే గాలి లోపలికి పోతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు షాపులో అడిగి తెచ్చిన డైక్లోఫెనాక్ లాంటివి మాత్రం వద్దు. దగ్గొస్తే మింగొద్దు, దిండు డొక్కకి అదుముకుని దగ్గాలి. ఆసుపత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, దాంట్లోకి చాలామంది బుగ్గలు పూరించి ఊదుతుంటారు, బంతులు లేవడం లేదని పక్కన పడేస్తారు. అది ఊదేది కాదు, గొట్టం నోట్లో పెట్టుకుని నెమ్మదిగా లోపలికి పీల్చేది. ఇచ్చిన నర్సమ్మ ఒక్కసారి చేసి చూపిస్తే సరిపోతుంది, ఆ తీరిక వాళ్లకెక్కడుంది పాపం. జ్వరం, ఆయాసం, కఫంలో రక్తం, మనిషి మాట తడబడి అయోమయంగా ఉండడం, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ఉంచుకోవద్దు. ఇవేవీ లేకపోతే ఆరు వారాల్లో సాధారణంగా అతుక్కుంటుంది, కొందరికి నొప్పి రెండు మూడు నెలలు లాగుతుంది.

అతుక్కుంది కదా అని వదిలేస్తే కథ మళ్లీ మొదటికే. యాభై దాటాక చిన్నపాటి దానికే ఏ ఎముక విరిగినా ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించాలి, తుంటికీ నడుముకీ. అందులో వచ్చే నంబరు, టీ స్కోరు, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్. మందుల షాపుల ముందు టెంటు వేసి మడమ పెట్టించి ఉచితంగా చూసే పరీక్ష దీనికి సాటి రాదు. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీ కూడా చూడాలి, ఎందుకంటే కారణం లేకుండా పక్కటెముక విరిగితే ఒక్కోసారి దాని వెనక మైలోమా లాంటి క్యాన్సర్ ఉంటుంది, అది గుల్లబారడం ఖాతాలో కొట్టుకుపోకూడదు. మందులు ఉన్నాయి, వారానికొక అలెండ్రోనేట్ మాత్ర నుంచి ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ దాకా. ఆ వారం మాత్రని టీతో వేసుకుని మళ్లీ నడుం వాల్చేవాళ్లని చూశాను. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. ఆర్నెల్లకో ఇంజెక్షన్, డెనోసుమాబ్, మొదలుపెట్టినవాళ్లు డాక్టర్ని అడక్కుండా మధ్యలో ఎగ్గొడితే వెన్నుపూసలు వరసగా కుంగే ప్రమాదముంది.

రేడియాలజిస్టులకు ఒక విన్నపం. ఊపిరితిత్తుల కోసం తీసిన సీటీ అయినా సరే, పాత పక్కటెముక విరుగుళ్లు కనబడితే పైన ఎక్కడో వివరాల్లో కలిపేయకుండా కింద సారాంశంలో, అంటే ఇంప్రెషన్‌లో రాయండి, "ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి" అని ఒక ముక్క కలపండి. కింద ఉన్నదే చదువుతారు, డాక్టర్లైనా సరే.

ఉత్తరం పెద్దదైందని తెలుసు. జాగా చాలకపోతే ఫ్లోరైడ్ పేరా తీసేయండి, దాని మీద విడిగా ఇంకోటి రాస్తాను. కట్టు వద్దన్న పేరా, బంతుల పరికరం ముక్క మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎక్స్‌రే టెక్నీషియన్,
ఒంగోలు